మాట వెళ్లినంత దూరం

మల్కాజిగిరి నుంచి ఒక సోదరుడు నాలుగు పేజీల ఉత్తరం చేత్తో రాసి పంపారు. తన పేరూ, సంఘం పేరూ బయటపెట్టవద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆయనకు 47 ఏళ్లు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పుట్టి పెరిగారు. 11 ఏళ్లుగా సండే స్కూల్ సూపరింటెండెంటు. ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన తప్పదు. చర్చిలో ఆయన గొంతు పెంచగా చూసినవాళ్లు లేరట. సెప్టెంబరు 18న, కోతపండుగకు (పంటకు కృతజ్ఞతగా చర్చిలో జరిపే పండుగకు) కానుకగా కవరులో వేసి పెట్టిన 5,000 రూపాయలు కనిపించలేదు. ఆ రోజు ఇంట్లోకి వచ్చినవాళ్లు ముగ్గురు: ముందు రాత్రి ఉండి పొద్దున్నే వెళ్లిన బావమరిది, ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్, ఆరేళ్లుగా అంట్లు తోమి ఇల్లు తుడుస్తున్న పనామె. సాయంత్రం ఆమె పనికి రాగానే తలుపు దగ్గరే నిలబెట్టి అడిగారు. ఆమె తీయలేదంది. ఆయన గొంతు పెరిగింది, పక్క ఫ్లాట్లవాళ్లు బయటికొచ్చారు. కింద గేటు దగ్గర వాచ్‌మన్ చూస్తుండగా ఆమె సంచి తెరిపించారు. అందులో టిఫిన్ డబ్బా, ఒక చున్నీ, కూతురి మందుల చీటీ ఉన్నాయి. అయినా ఆ రాత్రి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో పెట్టి, ‘డబ్బు తీసింది, ఎవరూ పనిలో పెట్టుకోవద్దు’ అని రాశారు. మర్నాటి నుంచి అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో రెండు ఇళ్లవాళ్లు ఆమెను మానిపించారు. ఆ నెల 18 రోజుల జీతం ఈయన ఇవ్వలేదు.

సెప్టెంబరులోనే కళ్లజోడు నంబరు మారి, ఆయన పెద్దక్షరాల బైబిలు కొనుక్కున్నారు. పాతది అలమారలోకి పోయింది. నవంబరు 16, ఆదివారం పొద్దున, పదో తరగతి చదివే కూతురు కన్ఫర్మేషన్ (తన విశ్వాసాన్ని సంఘం ముందు స్వయంగా ఒప్పుకొనే ఆరాధన) క్లాసుకని ఆ పాత బైబిలు తీసింది. జిప్ కవరు వెనక అరలో కానుక కవరు, అందులో పది 500 నోట్లు. వాటిని తెచ్చి తండ్రి టిఫిన్ ప్లేటు పక్కన పెట్టి, ‘దొరికాయి డాడీ. ఇప్పుడు ఎవరికి ఫోన్ చేస్తావు?’ అంది. ఆ రోజు నుంచి క్లాసుకి వెళ్లడం మానేసింది. భార్య మాత్రం, ‘అయిపోయిందేదో అయిపోయింది, ఆమె వేరే చోట చేసుకుంటోందట, ఆ 5,000 ఫోన్‌పే చేసేయండి’ అంటున్నారు. డిసెంబరులో సెమీ క్రిస్మస్ (పండుగకు ముందు జరిపే వేడుక), పిల్లల నాటిక, అన్నీ ఈయన మీదే ఉన్నాయి. ఆయన అడుగుతున్నది ఇది: ‘నేను వేషధారినా? 11 ఏళ్ల పరిచర్య అంతా నటనేనా? రాజీనామా చేయాలా? ఆమె దగ్గరికి వెళ్లాలా, డబ్బు పంపితే చాలా? నా కూతురికి ఏం చెప్పాలి?’

సోదరా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాధ కనిపించింది, రెండోసారి మీ మాటలు. మీరు అడిగింది నటనా, నిజమా అని. లోపలి మనిషి బయటపడేది మాటల్లోనే కాబట్టి, ముందు ఆ మాటల దగ్గరే ఆగుతాను. నాలుగు పేజీల్లో మీ బాధ్యతల గురించి, సంఘంలో మీ పేరు గురించి మూడు పేరాలున్నాయి. ఆమె గురించి ఏడు వాక్యాలున్నాయి. ఆరేళ్లు మీ ఇంట్లో పనిచేసిన మనిషి పేరు ఒక్కచోట కూడా లేదు. రెండో పేజీలో ‘అది తీసిందనుకున్నాను’ అని రాసి, ‘అది’ కొట్టేసి, పైన ‘ఆమె’ అని దిద్దారు. మన భాషలో మనిషిని ఎక్కడ నిలబెట్టామో సర్వనామమే చెప్పేస్తుంది. పాస్టరు గారి భార్య ‘అమ్మగారు’, సంఘంలో కూర్చున్న స్త్రీ ‘సహోదరి’, అంట్లు తోమే స్త్రీ ‘అది’. చేతికి ముందు వచ్చింది ‘అది’, ఆలోచించాక వచ్చింది ‘ఆమె’. ఆ దిద్దుబాటు మీరు చేసినందుకు సంతోషించాను. లోపల ఇంకా మెలకువగా ఉన్నది ఏదో ఉంది కాబట్టే చెయ్యి ఆగింది. కానీ మొదట పడిన మాటను కూడా చూడమంటున్నాను.

‘హృదయము నిండియుండు దానినిబట్టి యొకని నోరు మాటలాడును’ అన్నది లూకా 6:45. పిల్లలకు మీరు ఎన్నోసార్లు కంఠతా పెట్టించి ఉంటారు. మత్తయి 12వ అధ్యాయంలో ఇదే మాట చెప్పిన వెంటనే, వ్యర్థమైన ప్రతి మాటకూ లెక్క చెప్పాలంటారు ప్రభువు. అక్కడ ‘వ్యర్థమైన’ అని మనం చదివే గ్రీకు పదానికి మూలార్థం ‘పని లేని’ అని. అంటే ఏ పనీ అప్పగించకుండా, సిద్ధం చేయకుండా నోట్లోంచి జారిన మాట. ఆదివారం ప్రార్థన సిద్ధం చేసుకున్న మాట. పాఠం సిద్ధం చేసుకున్న మాట. సెప్టెంబరు 18 సాయంత్రం తలుపు దగ్గర వచ్చింది సిద్ధం చేయని మాట. లోపల ఏముందో తెలుసుకోవాలంటే చూడాల్సింది ఆ మూడో రకం మాటనే.

మీరు వేషధారా అన్న ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. చర్చిలో మీ మెత్తదనం అబద్ధమని నేను అనుకోవడం లేదు. అయితే దానికి అక్కడ పరీక్ష ఎదురవలేదు. అక్కడ మీ ఎదుట ఉన్నవాళ్లు మీతో సమానమైనవాళ్లు, పెద్దవాళ్లు, లేదా మిమ్మల్ని అభిమానించే పిల్లలు. కోప్పడితే నష్టపోయేది మీరే. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఎదురు మాట అనే స్థితిలో లేదు, అంటే పని పోతుంది. మనిషి గుణం ఎక్కువగా కనిపించేది అలాంటి చోటే, ఎదుటివాళ్లు జవాబు చెప్పలేని చోట.

ఉత్తరమంతా మీరు దీన్ని ‘నా కోపం’ అని పిలిచారు. ఇక్కడ మీతో నేను ఏకీభవించను. ఆ రోజు ఇంట్లోకి ముగ్గురు వచ్చారని మీరే రాశారు. బావమరిదికి ఫోన్ చేసి ‘కవరు ఏమైనా చూశావా’ అని మామూలుగా కూడా అడగలేదు. మెకానిక్‌ను అడగలేదు. మీ బైబిలు మీరు వెతుక్కోలేదు. ఒట్టి కోపమే అయితే ముగ్గురి మీదా కొంత కొంత పడాలి, మీ మీద కూడా పడాలి. మీ అనుమానం మాత్రం తిన్నగా ఒకే మనిషి దగ్గరికి వెళ్లింది, అది కూడా అందరిలోకీ ఎక్కువ కాలం నమ్మకంగా ఉన్న మనిషి దగ్గరికి. యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి పాదపీఠం దగ్గర కూర్చోమన్న సంగతి ఉంది. దాన్ని యాకోబు పక్షపాతం అన్నాడు. మీ ఇంట్లో జరిగింది ఆ అధ్యాయమే. కోపం దాని మీద పడ్డ గాలి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, రోగం కోపమనుకుంటే మీరు రేపటి నుంచి గొంతు తగ్గించుకుంటారు. గొంతు తగ్గుతుంది, అనుమానం అక్కడే ఉంటుంది, ఈసారి మెల్లగా మాట్లాడుతూ ఇంకొకరి సంచి తెరిపిస్తుంది.

ఇక ఏం చేయాలన్నది. మీ ముందు మూడు దారులున్నాయి. ఒక్కోదానికి ఏమవుతుందో చెబుతాను, నిర్ణయం మీది.

మొదటిది మీ భార్య చెప్పిన దారి, 5,000 ఫోన్‌పే చేసి ఊరుకోవడం. ఆమె ఫోనులో మీ పేరుతో డబ్బు పడుతుంది. ఎందుకు పడిందో ఆమెకు తెలియదు. భయపడవచ్చు, ఇది ఇంకేదో కేసులో ఇరికించడానికేమో అనుకోవచ్చు. తెలిసినా, వాచ్‌మన్‌కు తెలియదు, మానిపించిన ఇళ్లకు తెలియదు. గ్రూపులో ఆమె ఫొటో దొంగగానే ఉంటుంది. పైగా 5,000 అన్నది మీకు పోయిందనుకున్న డబ్బు లెక్క, ఆమెకు పోయినదాని లెక్క కాదు. ఇందులో ఆ కానుక సంగతి కూడా ఉంది. ఆ కవరు కోతపండుగకని దేవుని పేర పక్కన పెట్టారు. దాన్నే ఆమెకు ఇస్తే మీ జేబు కదలదు. మత్తయి 5:23, 24 మీ ఇంటి కోసమే రాసినట్టుంది: అర్పణ తెచ్చాక నీ మీద సహోదరునికి ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. కాబట్టి ఆ కవరు అలాగే ఉండనివ్వండి. ఆమె బాకీ తీరాక చర్చికి ఇవ్వండి. ఒకవేళ నిజంగానే చేతిలో వేరే డబ్బు లేకపోతే మాత్రం ఆమెకే ముందు ఇవ్వండి. దేవునికిచ్చానన్న సాకుతో తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టేవాళ్లను మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు గద్దించిన సంగతి మీకు తెలుసు.

రెండోది, మీరు ఒక్కరే చాటుగా వెళ్లి ఆమెకు క్షమాపణ చెప్పి డబ్బిచ్చి రావడం. మొదటి దారికన్నా ఎంతో మేలు. ఆమెకు నిజం తెలుస్తుంది. కానీ మీరు ఆమెను అవమానించింది పది మంది ముందు, నిజం చెప్పింది ఒక్కరి ముందు. మీ మనసు తేలికపడుతుంది, ఆమె ఆ గేటు ముందు నుంచి నడవాల్సి వస్తే తల వంచుకునే నడుస్తుంది. ఇంకో చిక్కు, మగమనిషి ఒక్కడే బస్తీలో ఒక స్త్రీ ఇంటికి వెళ్లి డబ్బు చేతిలో పెడితే ఆ వీధిలో పుట్టే మాటలు వేరు. ఆ బరువు కూడా ఆమె మీదే పడుతుంది.

మూడోది కష్టమైనది, నా మనసు మొగ్గేది దాని వైపే. మీ మాట ఎక్కడెక్కడికి వెళ్లిందో నిజం కూడా అక్కడికల్లా వెళ్లాలి. ఆ మాట నాలుగు చోట్లకు వెళ్లింది: గ్రూపుకు, మానిపించిన రెండు ఇళ్లకు, గేటుకు, ఆమె దగ్గరికి. ఈ వరసలోనే వెళ్లమంటాను. ముందు ఆమె దగ్గరికి వెళ్లి ‘గ్రూపులో రాస్తాను’ అని మాటిస్తే, మీరు రాసేదాకా ఎదురుచూసే పని ఆమెకు పడుతుంది. అన్నీ చేసి వెళితే ‘రాశాను, చెప్పాను’ అనగలుగుతారు.

రెండు నెలల కిందటి మెసేజ్‌ను అందరి ఫోన్లలోంచి తీసేయడం ఇప్పుడు మీ చేతిలో లేదు. చిన్న నిప్పు పెద్ద అడవిని తగలబెడుతుందని నాలుక గురించి యాకోబు అన్నది ఇలాంటి చోటే అర్థమవుతుంది. తీసేయలేరు కాబట్టి ఎదురు మాట రాయాలి. ఇంచుమించు ఇలా:

‘సెప్టెంబరు 18న ఈ గ్రూపులో మా ఇంట్లో పనిచేసిన ఆమె ఫొటో పెట్టి, డబ్బు తీసిందని రాశాను. అది అబద్ధం. డబ్బు నా బైబిలు కవరులోనే ఉంది, నవంబరు 16న దొరికింది. ఆరేళ్లలో ఆమె వల్ల మా ఇంట్లో ఒక్క వస్తువు పోలేదు. సరిగా వెతకకుండా నేను అన్న మాటకు ఆమె పని పోయింది. ఆ ఫొటో మీ ఫోన్లో ఉంటే తీసేయండి. ఎవరికైనా పంపి ఉంటే, వాళ్లకు ఇది కూడా పంపండి.’

ఇందులో ‘పొరపాటు జరిగింది’ అన్న మాట లేదు, చూడండి. జరగలేదు, మీరు చేశారు. ‘ఎవరినైనా నొప్పించి ఉంటే’ అన్నదీ లేదు. చివర వాక్యంగా బైబిలు వచనం పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. వచనం పెడితే చదివేవాళ్ల చూపు ఆమె మీద నుంచి మీ భక్తి మీదికి పోతుంది. శనివారం సాయంత్రం ఏడెనిమిది మధ్య పెట్టండి, ఎక్కువమంది చూస్తారు. అర్ధరాత్రి పెడితే పొద్దున ‘గుడ్ మార్నింగ్’ ఫొటోల కింద పడిపోతుంది. బంధువుల్లో ఎవరో ఒకరు ‘రాతలో ఒప్పుకోకు, పరువునష్టం కేసు అవుతుంది’ అనవచ్చు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువునష్టం నేరమే, ఆ మాటలో నిజముంది. కానీ నేరం చేసిన రాత సెప్టెంబరులోనే గ్రూపులో పడింది. భయం పట్టుకుంటే వకీలును అడగండి, దాన్ని ఆలస్యానికి సాకు చేసుకోకండి.

మానిపించిన రెండు ఇళ్లకూ మీరే నడిచి వెళ్లండి, మెసేజ్ చూశారులే అని ఊరుకోవద్దు. వాళ్లు ఇప్పటికే వేరే మనిషిని పెట్టుకొని ఉంటారు, ఆమెను తీసేసి ఈమెను పెట్టుకోమని అడగకండి, అది ఇంకొకరి పొట్ట కొట్టడం. వేరే ఎవరైనా అడిగితే మంచి మాట చెప్పమని మాత్రం అడగండి. వాచ్‌మన్ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. సంచి తెరిపించింది ఆయన ఎదుట కాబట్టి ‘అన్నా, ఆ రోజు తప్పు నాదే, డబ్బు నా దగ్గరే దొరికింది’ అని ఆయన ఎదుటే అనండి. కాలనీలో పనివాళ్ల మంచీ చెడూ నడిచేది గేటు దగ్గరే. గ్రూపులో రాసింది పనివాళ్లు చదవరు, వాచ్‌మన్ చెప్పింది వింటారు.

డబ్బు లెక్క. మీ ఇంట్లో నెలకు 3,000, మిగతా రెండు ఇళ్లలో చెరి 2,500 అని రాశారు. ఇవ్వని 18 రోజుల జీతం 1,800. రెండు నెలలకు మీ ఇంటి జీతం 6,000, ఆ రెండు ఇళ్లది 10,000. మొత్తం 17,800. సంఖ్యాకాండము 5:7లో, నష్టపరచినవాడు మొత్తం తిరిగి ఇచ్చి, దానికి ఐదో వంతు కలిపి, ఎవరికి అన్యాయం చేశాడో వారికే ఇవ్వాలని ఉంది. ఐదో వంతు 3,560. కలిపితే 21,360. లూకా సువార్తలోని పన్ను వసూలుదారు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, అది ఆయన హృదయం పొంగి వచ్చిన లెక్క, దాన్ని మీ మీద పెట్టను. ఐదో వంతు కూడా ఈనాటి మనకు చట్టమని అనను, కానీ ఇలాంటప్పుడు మనసు ఎప్పుడూ తగ్గించే లెక్కే వేస్తుంది కాబట్టి ఒక కొలత చేతిలో ఉండటం మంచిది. ‘మధ్యలో ఆమెకు వేరే పని దొరికిందిగా’ అని తగ్గించే కూడికలు మీరు వేయకండి. ఒకేసారి ఇవ్వలేకపోతే 1,800 మాత్రం మొదటి రోజే ఇవ్వండి. అది పరిహారం కాదు, ఆమె కష్టార్జితం, రెండు నెలలుగా మీ దగ్గర ఉండిపోయింది. బిగపట్టిన కూలి తానే మొరపెడుతుందని యాకోబు 5:4లో చదువుతాం. మిగతాది తేదీలు చెప్పి రెండు వాయిదాల్లో ఇవ్వండి.

క్రిస్మస్‌కు కుటుంబంతో మెదక్ చర్చికి వెళ్లాలని టికెట్లు చూస్తున్నామని కూడా రాశారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ గుడిని, కరవు రోజుల్లో జనానికి పనిచ్చి తిండి పెట్టడానికి కట్టించారని మన పిల్లలకు గర్వంగా చెప్పుకుంటాం. ఆ రాళ్ల ముందు నిలబడేటప్పటికి మీ ఇంటి కూలి బాకీ ఉండకూడదని నా కోరిక.

ఆమె దగ్గరికి మీ భార్యతో కలిసి వెళ్లండి. ముందురోజు మీ భార్య ఫోన్ చేసి, ‘మేమే తప్పు చేశాం, ఆ సంగతి చెప్పడానికి రావాలనుకుంటున్నాం. మీ ఇంటికి రమ్మంటారా, బయట ఎక్కడైనా కలుద్దామా?’ అని అడగాలి. చోటూ వేళా ఆమె చెప్పాలి. మీ ఫ్లాట్‌కు పిలిపించుకోవద్దు. పాస్టరు గారిని వెంట తీసుకెళ్లవద్దు, పెద్దమనుషులు వస్తే ఆమె సరేనని తీరాల్సి వస్తుంది. మొదటి మాట ఆమె పేరు కావాలి. పేరు తెలియకపోతే గేటు రిజిస్టరులో ఉంటుంది, చూసుకొని వెళ్లండి. తర్వాత ‘మీరు’ అనండి. ఆరేళ్లు ‘నువ్వు’ అన్న నోటికి మొదట అడ్డంగా ఉంటుంది, అనండి. ఏం చేశారో చేసినట్టు చెప్పండి: ‘మీరు డబ్బు తీశారన్నాను. తీయలేదు. అందరి ముందు మీ సంచి తెరిపించాను. మీ ఫొటో పెట్టాను. మీకు మూడిళ్ల పని పోయింది. గ్రూపులో నిజం రాశాను, వాచ్‌మన్‌కు చెప్పాను, ఆ రెండు ఇళ్లకూ చెప్పాను. తప్పంతా నాది.’ అక్కడ ఆపండి. ‘ఆ రోజు ఆఫీసు టెన్షన్‌లో ఉన్నాను’ అన్న మాట రాబోతుంది, రానివ్వకండి. అది నిజమే కావచ్చు, కానీ ఆమె ఆ క్షణంలో మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ‘క్షమించారా’ అని అడగకండి. అక్కడ ప్రార్థన చేస్తానని అనకండి. మళ్లీ పనికి రమ్మనకండి, ఆమె అడిగితే అప్పుడు మాట్లాడుకోండి. డబ్బు మాటల తర్వాత ఇవ్వాలి, ముందు ఇస్తే మాటలను కొన్నట్టుంటుంది. నగదుగానా, ఖాతాలోనా అన్నది కూడా ఆమెనే అడగండి. కొన్ని ఇళ్లల్లో ఆడవాళ్ల చేతికొచ్చిన నగదు సాయంత్రానికి వాళ్లది కాకుండా పోతుంది.

ఆమె తిట్టవచ్చు. ఏడవవచ్చు. తలుపు వేసేయవచ్చు. తలుపు వేస్తే వెనక్కి వచ్చేయండి, మళ్లీ మళ్లీ వెళ్లి తట్టకండి. జీతం బాకీ మాత్రం ఏదో దారిలో ఆమెకు చేర్చండి. క్షమించడం ఆమె ఇష్టం, ఆమె వేళ. క్షమించకపోయినా మీరు చేయాల్సింది తగ్గదు, చేసినది చెడిపోదు.

రాజీనామా సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీరు దీన్ని ఆమె కన్నా ముందు పెట్టారు, నేను ఆమె తర్వాత పెడుతున్నాను. ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసి తప్పుకుంటే సంఘం పది రకాలుగా ఊహిస్తుంది, మీకు శిక్ష పడినట్టు ఉంటుంది, కానీ మీరు రాజీనామా చేస్తే ఆమె బియ్యం డబ్బా నిండదు. ఏమీ జరగనట్టు కొనసాగితే, కూతురి కళ్ల ముందు మీరు ప్రేమ, దీర్ఘశాంతం, సాత్వికం లాంటి ఆత్మఫలం మీద పాఠం చెప్పాల్సి వస్తుంది. బోధించేవాళ్లకు తీర్పు కఠినంగా ఉంటుందని యాకోబు 3వ అధ్యాయం మొదటి వచనమే చెబుతుంది. నాలుక గురించిన మాటలన్నీ దాని వెనకే వస్తాయి. నా ఆలోచన: ముందు ఆమె సంగతి సరిచేయండి, తర్వాత మీ అయ్యగారి (పాస్టరు గారి) దగ్గర కూర్చొని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, సెమీ క్రిస్మస్ ఏర్పాట్లు తోటి టీచరుకు అప్పగించి కుర్చీలు వేసే పని తీసుకోండి. ఎప్పుడు మళ్లీ పాఠం చెప్పాలో అయ్యగారు చెబుతారు. ఆయన వెంటనే కొనసాగమన్నా, ఆమె దగ్గరికి వెళ్లేదాకా ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) చేయి చాపే ముందు ఆలోచించండి. ఒక మాట, ఈ సంగతిని సంఘంలో సాక్ష్యంగా చెప్పవద్దు. ఆమె అవమానం మీ సాక్ష్యానికి సరుకు కాకూడదు.

లోపలి సంగతికి ఒక చిన్న పని. 14 రోజులు, రాత్రి ప్రార్థనకు ముందు పది నిమిషాలు, చిన్న నోటుబుక్కులో ఆ రోజు మీకన్నా తక్కువవాళ్లని మీరనుకునే మనుషులతో అన్న మాటలు రాయండి. వాచ్‌మన్, ఆటో డ్రైవరు, ఆఫీసులో టీ తెచ్చే కుర్రాడు, సరుకుల డెలివరీ అబ్బాయి, ఆఫీసు జూనియరు. అన్న మాట అన్నట్టే రాయండి: ‘ఏయ్’, ‘రారా’, ‘చెప్తే అర్థం కాదా’. నాలుగైదు రోజులకు చాలామంది నోటుబుక్కులో మాటలు తగ్గి కారణాలు పెరుగుతాయి, ‘వాడు ఆలస్యం చేశాడు కాబట్టి’ అని. కారణం రాస్తున్నారంటే ఆ రోజు చూడాల్సింది తప్పిపోయిందని గుర్తు. వారానికొకసారి మీ భార్యను అడగండి, ‘ఏ వేళకు, ఎవరి ముందు నా గొంతు మారుతోంది?’ అని. ఆమె చెప్పాక వాదించకండి. ఈ చిరాకు ఈ నాలుగైదు నెలల్లోనే కొత్తగా వచ్చిందనిపిస్తే బీపీ, షుగరు, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, నిద్ర ఎన్ని గంటలో చూసుకోండి. దేహం తోడైతే పాపం చేయడం సులువవుతుంది, అంతే, దేహం దాన్ని పుట్టించదు. ఇంట్లో ఇకమీదట ఏదైనా వస్తువు కనిపించకపోతే 24 గంటలు ఎవరినీ అనవద్దు. ముందు మీ వస్తువులు, తర్వాత ఇంటివాళ్లను అందరినీ ఒకే మాటతో, ఒకే గొంతుతో అడగడం. బావమరిదిని అడగలేని మాటను పనామెను అడగవద్దు.

మీ కూతురు. ఆమె క్లాసు మానింది దేవుని మీద కోపంతో అని మీరు భయపడుతున్నారు. ఉత్తరంలో మీరు రాసిన ఆమె మాటలో నాకు అది కనిపించలేదు. ఆ పిల్ల న్యాయం అడిగింది. ‘ఇప్పుడు ఎవరికి ఫోన్ చేస్తావు?’ అన్నది ఎత్తిపొడుపు కూడా కావచ్చు, కానీ అది నిజమైన ప్రశ్న, దానికి మీరు ఇంకా జవాబు ఇవ్వలేదు. ఆమెను వెంట తీసుకెళ్లి మీరు క్షమాపణ అడగడం చూపించవద్దు, అది ఆమె కోసం వేసిన నాటకంలా ఉంటుంది, ఆ స్త్రీకి ఇంకొక సాక్షి ఎదుట నిలబడే ఇబ్బంది. ఆ పిల్లకు వచనాలు చెప్పవద్దు. ఆ రోజు మీ కూతురు కూడా అక్కడే ఉందని, ‘డాడీ, అక్క అలాంటిది కాదు’ అందని, ‘నువ్వు లోపలికి పో’ అన్నానని మీరే రాశారు. మొదట ఆమెకు చెప్పాల్సింది అదే: ‘ఆ రోజు నువ్వు చెప్పింది నిజం, నేను నిన్ను లోపలికి పంపేశాను.’ మీరు ఆ ఇంటి నుంచి తిరిగి వచ్చిన రాత్రి, ఎవరెవరికి ఫోన్ చేశారో, ఎవరి తలుపులు తట్టారో, ఆ అక్క ఏమందో ఉన్నదున్నట్టు చెప్పండి. తలుపు వేసేసిందనుకోండి, అదీ చెప్పండి. కన్ఫర్మేషన్ క్లాసు మాట మీరెత్తకండి. పాత బైబిలు ఆమె గదిలోనే ఉండనివ్వండి.